కడుపు నింపి వదిలిన కోళ్ళు

9, సోమవారం

ఉదయమే వదిన వచ్చింది. చెప్పులు విప్పకముందే పెరట్లోకి తొంగి చూసి, "ఇంకా లోపలే ఉన్నాయా అవి?" అంది. ఆవిడ ఆయనకి అక్క, నాకు వదిన, మా కోళ్ళకి పుట్టిల్లు. ఐదు పెట్టల్ని బుట్టలో తెచ్చి మా పెరట్లో దించి రెండు నెలలైంది.

"గూడు పెద్దదే కదా వదినా."

"జైళ్ళు ఇంకా పెద్దవి. వీటికి ఖైదీ నంబర్లు ఒక్కటే తక్కువ. వదలవే తల్లీ, కాస్త మట్టి గీరుకుని బతుకుతాయి."

మా పాప మెట్టు మీద కూర్చుని గోళ్ళు తీసుకుంటోంది. "నేనూ రోజూ అదే మొత్తుకుంటున్నా అత్తా," అంది. కోళ్ళ గురించే అంది. కోళ్ళ గురించే అంది అని రాసుకుంటున్నాను.

ఎలా వదలాలో వదిన చెప్పింది. మొదటిరోజు పొద్దున గింజలు వెయ్యకూడదట. పొద్దు వాలాక, చీకటి పడడానికి కాస్త ముందు తలుపు తియ్యాలట. ఆకలి మీదుంటే గింజల డబ్బా చప్పుడుకి పరిగెత్తుకుంటూ వస్తాయి, చీకటి పడితే వాటికే గూడు గుర్తొస్తుంది. "మనం పట్టుకు రానక్కర్లేదు. అవే వస్తాయి," అంటూ నా చేతిలో కాఫీ అందుకుంది.

ఆవిడ వెళ్ళాక పాప అసలు సంగతి బయటపెట్టింది. బజారు వీధిలో కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగం. వచ్చినవాళ్ళకి ఫ్రేములు చూపించాలి, బిల్లు రాయాలి, అద్దాలు తుడిచివ్వాలి. ఇరవై మూడు నుంచి రమ్మన్నారు. ఇరవయ్యో తారీకులోగా ఏదో ఒకటి చెప్పాలి.

"బస్సులో ఒక్కదాన్నే వెళ్తాను. నువ్వు రావద్దు."

దానికి పంతొమ్మిది. ఆఖరిసారి ఫిట్స్ వచ్చి ఏడాదిన్నర దాటింది. పోయిన నెల డాక్టరు చెప్పనే చెప్పారు. మందులు మానకూడదు, బండి నడపకూడదు, ఒంటరిగా ఈతకి దిగకూడదు, మిగతావన్నీ అందరిలాగే. అని ఊరుకోకుండా నావైపు తిరిగి, "అందరిలాగే అంటే అందరిలాగేనమ్మా," అన్నారు. నా మొహంలో ఏం కనిపించిందో ఆయనకి.

మొదటిసారి వచ్చింది బస్టాపులో. చుట్టూ జనం ఉన్నారు, నేను లేను. తల వెనక కుట్లు పడ్డాయి. నేను పాఠాలు చెప్పే కాలేజీకి సెలవు పెట్టాను, పొడిగించాను, ఇంకా పొడిగిస్తూనే ఉన్నాను. అప్పటినుంచి అది ఎక్కడుంటే నేనక్కడ.

"చూద్దాం," అన్నాను.

"నీ చూద్దాంలో ఏం చూడాలో చెప్పమ్మా, నేనే చూసి చెప్తాను."

10, మంగళవారం

ఒక ఆలోచన వచ్చింది. ఎవరికీ చెప్పుకోలేనిది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

కోళ్ళని వదులుతాను. సాయంత్రానికి ఐదూ క్షేమంగా గూటికి చేరితే పాపకి సరే అంటాను. ఒక్కటి తగ్గినా అనను.

పదిహేడేళ్ళు స్టాటిస్టిక్స్ పాఠం చెప్పినదాన్ని. ఐదు కోళ్ళు, ఒక్క సాయంత్రం పట్టుకుని ఇలాంటి తీర్మానంతో ఎవరైనా విద్యార్థి వస్తే పేపరు మొహాన కొట్టేదాన్ని. కొట్టి, స్టాఫ్ రూములో చెప్పి నవ్వించేదాన్ని కూడా.

కానీ పొద్దుటినుంచి మనసు కాస్త తేలికగా ఉంది. భారం నామీద లేదు, కోళ్ళ మీద ఉంది.

12, గురువారం

గోడంతా చూసుకున్నాను. మూలన ఇటుకలు ఊడిన చోట రేకు అడ్డం పెట్టాను. గేటు కింద సందుకి చెక్క. ఇంకా ఎక్కడో ఏదో మిగిలిపోయిందనిపించి మూడోసారి తిరుగుతుంటే వెనకింటి టైలరు గోడ మీద గడ్డం ఆనించి చూస్తున్నాడు.

"ఏం పోయింది మేడమ్?"

"ఏం పోలేదు. ఇక్కడ గద్దలు తిరుగుతాయా?"

"గద్దలకి మన వీధిలో ఏం పని? అవన్నీ చేపల మార్కెట్టు దగ్గరే."

"మీ కుక్క?"

"మా కుక్కా? దాని గిన్నెలో అన్నం కాకి తింటుంటే పడుకుని చూస్తుంది మేడమ్. మర్యాదస్థురాలు."

నవ్వాను. నవ్వి లోపలికొచ్చి, కుక్కలు ముసలితనంలోనూ వేటాడతాయా అని ఫోనులో వెతికాను.

పాప కోళ్ళకి పేర్లు పెట్టింది. గుంపుని అదిలించుకుంటూ ముందు నడిచేది హెడ్మిస్ట్రెస్. నల్లది నల్లదే. ఒకేలా ఉండే గోధుమరంగువి రెండూ కవలలు. మెడ మీద ఈకలు లేనిది మెడబోడి. మెడబోడి ఎప్పుడూ జాలీకి ముక్కు ఆనించి అవతలికి చూస్తూ ఉంటుంది.

13, శుక్రవారం

వదల్లేదు. గాలిగా ఉంది.

14, శనివారం

వదిలాను.

ఆయనా పాపా చెప్పులు కొనడానికి బజారుకెళ్ళారు. ఆయనతోనే కదా అని పంపాను. ఇల్లు ఖాళీగా ఉంది, నన్నెవరూ చూడరు, ఇదే మంచి సమయం అనిపించింది. ఉదయం పదకొండు కూడా కాలేదు.

ముందు గింజలు వేశాను. ఖాళీ కడుపుతో ఎవరినైనా గడప దాటిస్తామా? రెండు గిన్నెలు వేశాను. తిన్నాయి. ఇంకో గిన్నె వేశాను. కడుపు నిండితే దూరం పోవాల్సిన పనేముంటుంది, ఇక్కడిక్కడే తిరుగుతాయి అనుకున్నాను.

తలుపు తీశాను. ఒక్కటీ కదల్లేదు. హెడ్మిస్ట్రెస్ గడప దాకా వచ్చి, ఒక కాలు ఎత్తి, ఆ కాలు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అలాగే నిలబడింది. ఆ కాసేపూ ఎంత సంతోషించానో. చూశారా, వాటికే ఇష్టం లేదు అని ఎవరితోనో వాదించేస్తున్నాను లోపల్లోపల.

అంతలో మెడబోడి వాటి మధ్యనుంచి తోసుకుంటూ బయటికి ఉరికింది. మిగతావి దాని వెనకే. కాసేపు మట్టి గీరాయి. కవలలు దుమ్ములో పొర్లాయి, రెక్కలు పరిచి, కళ్ళు మూసుకుని, సిగ్గూ ఎగ్గూ లేకుండా. చూడముచ్చటగానే ఉంది. మెడబోడి మాత్రం నీళ్ళ తొట్టి మీదికి, అక్కణ్ణుంచి గోడ మీదికి ఎక్కింది. నేను గోడ కింద సందులన్నీ మూశాను. పైన ఆకాశం ఉందని తోచలేదు.

డబ్బా ఆడించాను. తల తిప్పి కూడా చూడలేదు. మూడు గిన్నెలు తిన్నవాటికి డబ్బాతో ఏం పని? వెంటపడ్డాను. నేను పరిగెత్తేకొద్దీ అవి చెదిరాయి. నల్లది గేటు మీంచి వీధిలోకి దూకింది, ఆటో ఒకటి కీచుమని ఆగింది. మెడబోడి గోడ అవతలికి దిగిపోయింది.

వాళ్ళు తిరిగొచ్చేసరికి నేను వీధి మధ్యలో, ఒక కాలికే చెప్పుతో, డబ్బా పట్టుకుని ఉన్నాను. పాప కొత్త చెప్పుల సంచీ మెట్టు మీద పెట్టి, "అమ్మా, కూర్చో. నువ్వు కూర్చుంటే అవి ఆగుతాయి," అంది. ఎంతసేపు కూర్చున్నామో. వెలుగు తగ్గాక హెడ్మిస్ట్రెస్ వచ్చింది, దాని వెనక కవలలు, ఆఖరికి నల్లది. మెడబోడి రాలేదు.

"పొద్దున గింజలు వేశావా?"

"కొంచెం."

"కొంచెం అంటే?"

"కొంచెం అంటే కొంచెం. ఖాళీ కడుపుతో ఎలా వదలను?"

"వద్దని అత్త చెప్పింది కదా. నేను విన్నాను, నువ్వూ విన్నావు."

భోజనాల దగ్గర చెప్పేశాను. "ఆ షాపు సంగతి, ఇప్పుడే తొందరేం లేదులే. కొన్నాళ్ళు ఆగుదాం."

ఆయన ముద్ద కలపడం ఆపి నన్ను చూశారు. పాప చూడలేదు. లేచి చెయ్యి కడుక్కుంది, చాలాసేపు, నీళ్ళు పోతూనే ఉన్నాయి.

బేరం బేరమే. నేనేం చెయ్యను.

15, ఆదివారం

తెల్లవారాక టైలరు గేటు కొట్టాడు. చంకలో మెడబోడి.

"మీ కోడి మా షాపులో ఓవర్‌టైమ్ చేసింది మేడమ్. మిషను మీదే పడుకుంది. కొత్త కోటు మీద సంతకం కూడా పెట్టింది."

ఉతికిస్తానన్నాను. "ఉతికేశాం లెండి. సంతకం చెరగలేదు, జేబు అక్కడికి మార్చేస్తా," అని దాన్ని నా చేతుల్లో పెట్టాడు. వెచ్చగా ఉంది. దాని గుండె నా అరచేతిలో టకటక కొట్టుకుంటోంది.

ఇది రాయకపోతే ఈ డైరీ ఎందుకు? కోడిని చూడగానే నాకు కలిగింది సంతోషం కాదు. ఎందుకొచ్చావే అనిపించింది. చక్కగా కుదిరిన లెక్క ఎవరో చెరిపేసినట్టు ఉక్రోషం.

సాయంత్రానికి అన్నాను. మర్నాటి ఉదయానికి అనలేదు. కాబట్టి బేరం చెల్లదు.

కాబట్టి అట.

16, సోమవారం

పాప నాతో మాట్లాడడం లేదు. కోళ్ళతో మాట్లాడుతోంది, గట్టిగా, నాకు వినపడేలా. "మీకేమే, గూడుంది, గింజలున్నాయి, కాపలాకి మనిషుంది. ఇంకేం కావాలే మీకు?"

17, మంగళవారం

ఆయన పంపుహౌసు నుంచి వచ్చి బట్టలైనా మార్చుకోకుండా వంటింట్లోకి వచ్చారు. ఊరి నీళ్ళన్నీ ఈయన చేతిమీదుగా పోతాయి గానీ ఇంట్లో మాట ఒక్కటీ పోదు. ఇవాళ మాత్రం గట్టు మీదకి ఎక్కి కూర్చున్నారు.

"కొత్త లైనులోకి నీళ్ళు వదిలేప్పుడు వాల్వు ఒక్కసారిగా తిప్పామనుకో, పైపు పగులుతుంది."

"అదేగా నేనూ అంటున్నది."

"అసలు తిప్పకుండా ఉన్నా పగులుతుంది. పంపు వైపు."

"పంపు అంటే నేనా?"

"నేను నీళ్ళ గురించి చెప్తున్నా," అని గట్టు దిగారు.

ఈ ఇంట్లో ఎవరూ ఏ సంగతీ ఆ సంగతిగా మాట్లాడరు.

18, బుధవారం

మూడు గిన్నెలు. మర్చిపోయి వేశానా?

మర్చిపోలేదు. గింజలు తీస్తుంటే వదిన గొంతు చెవిలో వినపడుతూనే ఉంది. వినపడుతుంటే మూడో గిన్నె ముంచాను. ప్రయోగం చేసేవాడు తనకి కావలసిన ఫలితం వచ్చేలా తూకం మార్చుకోవడం గురించి ఏటా ఒక పాఠం చెప్పేదాన్ని. బాగా చెప్పేదాన్నని పేరు కూడా ఉంది.

రేపు పాపకి చెప్పాలి.

19, గురువారం

చెప్పాను.

ఇవాళ కోళ్ళని పాపే వదిలింది, నన్ను అడక్కుండా. పొద్దున గింజలు వెయ్యలేదు. ఎండ తగ్గాక తలుపు తీసి మెట్టు మీద కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. లేచి పోలేదు, అదే పదివేలు. ఐదూ పెరడంతా తిరిగి ఏవేవో ఏరుకుంటున్నాయి. వాటిని చూస్తూ, దాని మొహం చూడకుండా చెప్పాను. బేరం సంగతి. మూడు గిన్నెల సంగతి. మెడబోడి తిరిగొచ్చినప్పుడు నాకేమనిపించిందో, అదీ.

"అంటే నా ఉద్యోగాన్ని తీసుకెళ్ళి కోడి మీద పెట్టావు."

"ఊఁ."

"పెట్టి, ఆ కోడి ఓడిపోయేలా చూశావు."

"ఊఁ."

"నాన్నకి తెలుసా?"

"తెలియదు."

"చెప్పకు. పరువు పోతుంది. నీది కాదు, నాది." నవ్విందనుకుని తిరిగాను. నవ్వడం లేదు. కళ్ళు తుడుచుకుంటోంది. నేను చెయ్యి చాపబోయి ఆపుకున్నాను.

లేచి డబ్బా ఆడించింది. ఒక్కసారే. ఐదూ రెక్కలు విప్పుకుని, లావుపాటి ఆడవాళ్ళు బస్సు కోసం పరిగెత్తినట్టు, అటూ ఇటూ ఊగుతూ పరిగెత్తుకొచ్చాయి. మెడబోడి గోడ మీంచి దూకింది.

"ఐదూ వచ్చాయి," అన్నాను. సరే అనడానికి దారి వెతుక్కుంటున్నాను కాబోలు.

"వచ్చినా రాకపోయినా నేను వెళ్తానమ్మా. నిన్ను సెలవు అడగడం లేదు. ఒక మాట అడుగుతున్నాను. వెనక బస్సులో రానని."

వెనక బస్సు సంగతి నేనప్పటికే ఆలోచించి ఉంచాను.

"రాను," అన్నాను.

20, శుక్రవారం

పాపే షాపుకి ఫోన్ చేసి వస్తానని చెప్పింది. గదిలోకి వెళ్ళి తలుపేసుకుని మాట్లాడింది. ఇంకేం చెప్పిందో వినబడలేదు. వినడానికి ప్రయత్నించాను, వినబడలేదు.

23, సోమవారం

వెళ్ళింది. మందు నా ఎదుటే వేసుకుంది, అడగకముందే నోరు తెరిచి చూపించింది, వెటకారంగా.

వంటిల్లు రెండుసార్లు తుడిచాను. బీరువా సర్దాను. సర్దింది బాగోలేదనిపించి మళ్ళీ తీశాను. ఎండ నడినెత్తికి రాకముందే గుడ్ల కోసం నాలుగుసార్లు గూడు వెతికాను. కోళ్ళు విసుక్కున్నాయి. మధ్యాహ్నం వీధి చివర బస్టాపు దాకా వెళ్ళాను. బస్సు వచ్చి ఆగింది, కండక్టరు "ఎక్కుతారా అమ్మా?" అన్నాడు. ఎక్కనన్నాను. "మరెందుకు చెయ్యెత్తారు?" అన్నాడు. చెయ్యెత్తానని నాకు తెలియదు.

సాయంత్రం వచ్చింది. "ఎలా ఉంది?"

"కాళ్ళు నొప్పి. మనుషులకి వాళ్ళ ముక్కు ఎంత పొడుగో తెలియదమ్మా, ఫ్రేము పెడితే గానీ."

25, బుధవారం

కోళ్ళు ఇప్పుడు రోజూ బయటే. టైలరు తోటకూర మడి గొరిగేశాయి. గుడ్లిచ్చి సంధి చేసుకున్నాను.

26, గురువారం

మధ్యాహ్నం షాపు నుంచి ఫోన్ వచ్చింది. నంబరు చూడగానే తెలిసిపోయింది.

"కంగారు పడకండి," అన్నాడు షాపాయన. ఆ మాట తరవాత వచ్చేవేవీ చెవికెక్కవు. చిన్నగానే వచ్చిందట, నిమిషం కూడా లేదట, దెబ్బ తగల్లేదట, లోపలి గదిలో పడుకుందట.

ఎలా వెళ్ళానో గుర్తులేదు. ఆటోలో ఒకటే అనుకుంటూ వెళ్ళాను. నేను చెప్పలేదా, నేను చెప్పలేదా. దుఃఖంలో అంత గర్వం కూడా ఉంటుందని ఇవాళే తెలిసింది.

షాపు సన్నగా, పొడుగ్గా ఉంది. గోడల నిండా ఫ్రేములు, వాటి మధ్య అద్దాలు. ఎటు చూసినా నేనే కనిపించాను, జుట్టు రేగి, పమిట జారి. షాపాయన ఎదురొచ్చాడు. నెరిసిన మీసం, మెడలో వేలాడే కళ్ళజోడు.

"పక్కకి తిప్పి పడుకోబెట్టామండి. నోట్లో ఏమీ పెట్టలేదు. బల్ల జరిపాం. అంతా అమ్మాయి చెప్పినట్టే."

"ఎప్పుడు చెప్పింది?"

"వస్తానని ఫోన్ చేసింది చూడండి, ఆ రోజే. ఇలా రావచ్చు, వస్తే ఇలా చెయ్యండి, ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పెయ్యండి అంది. నాకు నచ్చింది. ఇక్కడికి వచ్చే సగం మంది తమకి చూపు తగ్గిందనే ఒప్పుకోరు."

పాప లోపలి గదిలో లేదు. కౌంటరు వెనక ఎత్తు పీట మీద కూర్చుని ఒక ఫ్రేము తుడుస్తోంది. మొహం పాలిపోయి ఉంది, పెదవి చివర కొరుక్కున్న గుర్తు. నన్ను చూసి ముందు భయపడింది. ఆ భయం చూశాను. ఫిట్స్‌కి కాదు.

"డాక్టరుకి ఫోన్ చేశాను," అంది గబగబా. "రేపు పొద్దున రమ్మన్నారు. డోసు మార్చొచ్చట. ఇప్పుడు బాగానే ఉన్నాను. కాసేపు నిద్రపోయాను కూడా." నేను ఆ పెదవికేసే చూస్తుంటే ఇంకా చెప్పింది. "లేచేసరికి ఒక తాతగారు కంటి పరీక్షకి పెట్టే ఇనప ఫ్రేముతో నా మీదికి వంగి ఉన్నారమ్మా. ఒక కంటికి అద్దం ఉంది, ఒక కంటికి లేదు. 'నేను కనిపిస్తున్నానా అమ్మాయ్?' అన్నారు. 'నేను మీకు కనిపిస్తున్నానా తాతా?' అన్నాను."

షాపాయన గట్టిగా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, మధ్యలో అది ఏడుపయ్యేలా ఉంటే పక్కనున్న కుర్చీలో కూర్చుండిపోయాను.

ఇంటికి పద. ఆ రెండు మాటలే. అన్నానంటే వచ్చేసేది. దానికీ ఒంట్లో ఓపిక లేదు, ఈసారి ఎదురుచెప్పేది కాదు. ఇంకెప్పుడూ చెప్పేది కాదేమో కూడా. నాలుక చివరి దాకా వచ్చింది. అది ఫ్రేము తుడవడం ఆపి నా నోటికేసే చూస్తోంది.

ఇంతలో ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని లోపలికొచ్చి, కూర్చోవడానికి చోటు కోసం చూసింది.

"అమ్మా," అంది పాప మెల్లగా. "అది కస్టమర్ల కుర్చీ."

లేచాను.

"ఎప్పటిదాకా ఉంటావు?"

"ఇవాళ తొందరగా పంపిస్తామన్నారు. ఇంకో గంట."

"నాన్నని రమ్మననా?"

ఆలోచించింది. "బస్టాపు దగ్గర ఉండమను. మన వీధి బస్టాపు."

సరే అన్నాను. షాపాయనకి నమస్కారం పెట్టి బయటికొచ్చాను. ఫుట్‌పాత్ మీద నిలబడి మా ఆయనకి ఫోన్ చేసి సంగతి చెప్పాను. "నువ్వెక్కడున్నావు?" అన్నారు. "వచ్చేస్తున్నా," అన్నాను. "ఒక్కదానివేనా?" అన్నారు. జవాబు చెప్పేలోగా బస్సొచ్చింది.

కిటికీ పక్క సీటు దొరికింది. బస్సులో ఒక్కదాన్నే కూర్చుని ఎన్నాళ్ళైందో. పక్కన ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాను. దాని పెదవి గురించే ఆలోచిస్తున్నాను. ఫోన్‌లో అంత సంగతి అంత కుదురుగా ఎలా చెప్పిందో, ఆ మాటలు ఎన్నిసార్లు గదిలో తనకి తనే చెప్పుకుని చూసుకుందో. తల ఎత్తేసరికి బస్సు నేనెప్పుడూ చూడని గోడౌన్ల మధ్యనుంచి పోతోంది. చివరి స్టాపు అట. తిరిగి వెళ్ళే బస్సు అప్పుడే లేదన్నారు. సగం దూరం నడిచాను. ఫోన్ చూస్తే చార్జింగు అయిపోయి ఉంది.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఆయన గేటు బయట ఉన్నారు. పాప గేటు లోపల, నడుం మీద చేతులు పెట్టుకుని.

"ఎక్కడికి పోయావమ్మా? గంటనుంచి చూస్తున్నాం. ఫోనూ ఎత్తవు. ఏమైందో ఏమిటో అని ఇక్కడ ప్రాణం పోతోంది."

"బస్సు మన స్టాపు దాటిపోయింది," అన్నాను.

"ఒక్కదానివి వెళ్ళడం రాదు నీకు," అంది. అని, పక్కకి జరిగి గేటు తీసింది.